వేటకెళ్ళే మరబోటులో సామాను సర్దడం, లెక్క ఉంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఎవరికి పనికొస్తుంది?

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి రేవుల నుంచి పది పదిహేను రోజుల వేటకి వెళ్ళే మరబోట్ల యజమానులకి, సరంగులకి (బోటు నడిపించే పెద్దలకి), కలాసీలకి (బోటులో పనిచేసేవాళ్ళకి). లెక్కల్లో వీలు కోసం ఒక బోటుని ఊహించుకున్నాను: మనుషులు ఏడుగురు, వేట పదిహేను రోజులు. మీ బోటులో మనుషులు, రోజులు వేరైతే ఆ అంకెలు మార్చి చూసుకోండి.

సరంగుకి ఏది ఎక్కడుందో కంఠతా వచ్చు కదా, మళ్ళీ లెక్కల పుస్తకం ఎందుకు?

రెండు కారణాలున్నాయి. మొదటిది ప్రాణానికి సంబంధించింది. సరంగు నిద్రలో ఉన్నప్పుడో, జ్వరంతో పడుకున్నప్పుడో, ఇంజిన్ గదిలో ఇరుక్కున్నప్పుడో మిగతా ఆరుగురిలో ఎవరికైనా నీళ్ళు తోడే పంపు, టార్చి, లైఫ్ జాకెట్లు చీకట్లో చేతికి దొరకాలి. ఒక్కడి బుర్రలో ఉన్న జాబితా ఆ పూట పనిచేయదు.

రెండోది డబ్బుకి సంబంధించింది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి నేను గట్టిగానే చెబుతాను. చేప అమ్మిన డబ్బులోంచి డీజిల్, ఐస్, రేషన్ ఖర్చులు తీసేశాకే వాటాలు పంచుతారు. అంటే ఎక్కించిన ప్రతి డ్రమ్ము, ప్రతి ఐస్ దిమ్మ కలాసీ కూలిలోంచి పోతున్నట్టే లెక్క. వేట ముగిసి వచ్చాక రెండు డ్రమ్ముల డీజిల్ మిగిలి ఉంటే, అది తర్వాతి వేటకి ముందుజమగా పడాలి. పుస్తకంలో లేకపోతే అదే డీజిల్ ఖర్చు రెండుసార్లు తీసేసినా అడిగే ఆధారం ఉండదు. మరోపక్క యజమాని నిజాయితీగా ఉన్నా అనుమానం పోదు. అందుకే ఈ పుస్తకం బోటుకి చెందాలి, యజమాని ఇంట్లో బీరువాకి కాదు.

పుస్తకంలో ఏం రాయాలి?

ఎక్కువ గడులు పెడితే మూడో రోజుకే మానేస్తారు. ఐదు చాలు: వస్తువు, చోటు, ఎక్కినది, వాడినది, మిగిలినది. ప్రతి వేటకి కొత్త పేజీ తీయండి. పై వరుసలో పాత వేటలో మిగిలింది రాసి, దాని కింద కొత్తగా ఎక్కించింది రాయండి. ఈ ఒక్క అలవాటు సగం గొడవలు తగ్గిస్తుంది.

అన్నీ రోజూ లెక్కపెట్టక్కర్లేదు. డీజిల్, మంచినీళ్ళు, ఐస్ రోజూ చూడాలి. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ మూడు రోజులకోసారి. స్పేర్లు వాడినప్పుడు మాత్రమే. భద్రతా సామాను రేవు దాటే ముందు ఒకసారి, అందరి ఎదుటా.

పెన్సిల్‌తో రాయండి. జెల్ పెన్ను సిరా ఉప్పునీళ్ళు తగిలితే కరిగి అల్లుకుపోతుంది, పెన్సిల్ గీత తడిసినా చెదరదు. పుస్తకాన్ని మందమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పెన్సిల్‌ని దారంతో దానికే కట్టేయండి.

ఎవరు రాయాలి? మా కలాసీల్లో చదువు రానివాళ్ళున్నారు.

రాసేవాళ్ళు ఒకరు, చూసేవాళ్ళు ఇంకొకరు. సాధారణంగా వంట చూసే కలాసీకి రేషన్, నీళ్ళు. ఇంజిన్ చూసే మనిషికి డీజిల్, ఆయిల్, స్పేర్లు. ఐస్ గదిలో దిగేవాడికి ఐస్, చేప. రోజూ వల దించాక సరంగు దగ్గర కూర్చుని ముగ్గురూ తమ అంకెలు చెబితే, రాయడం వచ్చినవాళ్ళు రాస్తారు.

అక్షరాలు రాకపోయినా గీతలు అందరికీ వచ్చు. డ్రమ్ము ఖాళీ అయితే గోడ మీద సుద్దతో అడ్డగీత కొట్టడం, నాలుగు గీతల మీద ఐదోది అడ్డంగా కొట్టి కట్ట కట్టడం మన రేవుల్లో గంపలు లెక్కపెట్టేవాళ్ళు చేసేదే. పెట్టెల మీద బొమ్మలు కూడా వేయండి: వల సామాను పెట్టె మీద వల, మందుల పెట్టె మీద ఎర్ర ప్లస్ గుర్తు, నీళ్ళ డ్రమ్ములకి నీలం పట్టీ, డీజిల్ డ్రమ్ములకి ఎరుపు పట్టీ. నీళ్ళ డ్రమ్ముని పొరపాటున కూడా డీజిల్‌కి వాడకూడదు. ఒకసారి డీజిల్ పోసిన ప్లాస్టిక్ డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా తాగునీటికి పనికిరాదు.

చోట్లకి పేర్లు ఎలా పెట్టాలి?

“అక్కడ, ఆ మూల” అనే మాటలు పుస్తకంలోకి రానివ్వొద్దు. అణియం (ముందు భాగం), నడుము, అమరం (వెనక భాగం) అని మూడు భాగాలు. ప్రతిదానికీ కుడి, ఎడమ. ఆపై తట్టు (డెక్కు) మీద, తట్టు కింద. అమరం వైపు మొహం పెట్టి నిలబడిన మనిషి కుడి వేరు, అణియం వైపు చూసేవాడి కుడి వేరు. అందుకని ఎప్పుడూ అణియం వైపు చూస్తున్నట్టు అనుకునే కుడి, ఎడమ చెప్పాలని ముందే ఒప్పుకోండి. “అమరం ఎడమ, తట్టు కింద, 2వ పెట్టె” అని రాసి ఉంటే మొదటిసారి బోటెక్కిన కుర్రాడు కూడా తేగలడు.

బరువులు ఎక్కడ పెట్టాలి?

కింద, నడుముకి దగ్గరగా, రెండు పక్కలా సమానంగా. ఐస్, డీజిల్, నీళ్ళు, బోర్డులు (వల నోరు తెరిచి ఉంచే పలకలు) ఇవే బోటులో పెద్ద బరువులు. తట్టు మీద డ్రమ్ములు పేర్చుకుంటూ పోతే బోటు బరువంతా పైకి చేరుతుంది. అలాంటి బోటు అలకి ఒరిగాక నిదానంగా లేస్తుంది. మీ బోటు మునుపటి కంటే బద్ధకంగా లేస్తోందనిపిస్తే తట్టు మీద ఏం చేరిందో వెంటనే చూడండి.

సగం నిండిన ట్యాంకులు, డ్రమ్ములు ఇంకో ప్రమాదం. బోటు ఒరిగిన వైపుకే లోపలి ద్రవం పరిగెత్తి, ఒరుగుని మరింత పెంచుతుంది. నాలుగు డ్రమ్ముల్లోంచి కొంచెం కొంచెం తీసే బదులు ఒకటి పూర్తిగా ఖాళీ చేశాకే రెండోది తెరవండి. లెక్కకీ అదే సులువు. కుడివైపు ఒకటి ఖాళీ అయితే తర్వాతది ఎడమవైపు నుంచి తీయండి.

వేట సాగేకొద్దీ డీజిల్, నీళ్ళు తగ్గుతాయి, ఐస్ కరుగుతుంది, చేప పెరుగుతుంది. బయల్దేరినప్పటి సర్దుడు పదో రోజుకి సరిపోదు. ఐదు రోజులకోసారి సరంగు బోటంతా తిరిగి చూడాలి.

ఐస్ ఎంత ఎక్కించాలి? లెక్క ఎలా ఉంచాలి?

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకే కొంచెం పెద్దగా చెబుతాను.

30 డిగ్రీల వేడిలో ఉన్న కిలో చేపని సున్నా డిగ్రీలకి తేవడానికి కావాల్సిన ఐస్ నిజానికి 300 గ్రాముల పైచిలుకే. కానీ మన ఎండలో ఐస్ గది గోడల నుంచి, పైమూత నుంచి, తెరిచిన ప్రతిసారీ లోపలికి వేడి వస్తూనే ఉంటుంది. అందుకే ఉష్ణ ప్రాంతాల్లో కిలో చేపకి కిలో ఐస్ అనే లెక్క నిలబడింది. రెండు టన్నుల చేప ఆశిస్తే రెండు టన్నుల ఐస్ కనీసం. గది గోడల్లో థర్మోకోల్ తడిసిపోయి ఉంటే, చెక్క పగిలి ఉంటే అది కూడా చాలదు. ప్రతి వేటా ఐస్ పెంచుతూ పోవడం కంటే ఒకసారి గది బాగుచేయించడం నయం.

ఎక్కించేటప్పుడు దిమ్మలు లెక్కపెట్టండి, కనీసం రెండు దిమ్మలు తూకం వేయించండి. దిమ్మ బరువు ఫ్యాక్టరీని బట్టి మారుతుంది, ఎండలో లారీ మీద నిలబడితే రేవుకి వచ్చేసరికే తగ్గుతుంది. ఐస్ పొడి కొట్టించి పోయించుకునేవాళ్ళు ట్రేల లెక్క రాసుకోండి.

లోపల ఒకే కుప్పగా పోయకుండా అడ్డపలకలతో అరలు చేయండి. ప్రతి అర గోడ మీద అడుగు నుంచి పైకి అడుగుకో గీత గీసి ఉంచితే, రోజూ పొద్దున్నే ఐస్ ఏ గీత దగ్గరుందో చూసి రాయడం అర నిమిషం పని. నాలుగైదు వేటలు రాశాక మీ గది రోజుకి ఎంత కరిగిస్తుందో మీకే తెలిసిపోతుంది. ఇంక ఆ అంకె ఎవరినీ అడగక్కర్లేదు.

కరిగిన నీళ్ళు కిందికి పోయే దారి తెరిచి ఉండాలి. చేప రక్తంతో కలిసిన ఆ నీళ్ళలో కింది వరుస నానితే ఆ వరుస మొత్తం ధర పోతుంది.

ఐస్ గదిలో ఏ రోజు చేప ఏదో ఎలా తెలుస్తుంది?

అరకో రోజు, లేదా రెండు రోజులు. కింద ఐస్, మీద చేప, మళ్ళీ ఐస్. గోడ వైపు కూడా ఐస్ ఉండాలి, చేప నేరుగా చెక్కకి ఆనకూడదు. ప్రతి రోజు సరుకు మీద ఆ రోజు అంకె రాసిన ప్లాస్టిక్ ముక్క ఉంచండి. రేవుకి వచ్చాక వేలం పాటలో పాత చేప, కొత్త చేప కలిసిపోతే మొత్తానికి పాత చేప ధరే పలుకుతుంది. విడివిడిగా దించగలిగితే చివరి మూడు రోజుల సరుకు తన విలువ తాను తెచ్చుకుంటుంది.

రొయ్యకి వేరే అర తప్పనిసరి. పెద్ద చేప బరువు మీద పడితే నలిగిపోతుంది, ఆలస్యమైతే తల దగ్గర నల్లబడుతుంది. రొయ్య ఎప్పుడూ మూతకి దగ్గరున్న అరలో, పైవరుసలో.

డీజిల్ ఎంత మిగిలిందో కచ్చితంగా ఎలా తెలుసుకోవాలి?

కొలకర్రతో. నిలబెట్టిన 200 లీటర్ల డ్రమ్ములో ఒక్కో సెంటీమీటరు ఎత్తుకి సుమారు రెండున్నర లీటర్లు. బోటు ట్యాంకు ఆకారం వేరు కాబట్టి దానికి సొంత కర్ర చేసుకోవాలి: ఖాళీ ట్యాంకులో 20 లీటర్ల డబ్బాతో కొలిచి పోస్తూ, డబ్బాకో గాటు పెట్టండి. బోటు ఊగుతున్నప్పుడు ఒక్కసారి ముంచి చూస్తే తప్పు వస్తుంది. మూడుసార్లు ముంచి మధ్యస్థంగా వచ్చినది తీసుకోండి.

పుస్తకంలో లీటర్ల పక్కనే ఇంజిన్ నడిచిన గంటలు రాయండి. వల లాగేటప్పుడు తాగే డీజిల్, వట్టిగా నడిచేటప్పుడు తాగేది ఒకటి కాదు, రెండూ వేరువేరుగా రాస్తే మంచిది. గంటకి వాడకం ఉన్నట్టుండి పెరిగిందంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజెక్టర్లు చూడాలి, లేదా పంకాకి (నీళ్ళలో తిరిగి బోటుని నెట్టే రెక్కలకి) వల ముక్క చుట్టుకుంది.

తిరుగు ప్రయాణానికి పట్టే డీజిల్, దానికి మరో సగం కలిపి, ఆ గీత ఎర్రగా గీయండి. చేప ఎంత పడుతున్నా ఆ గీత తగిలితే అణియం రేవు వైపు తిప్పాల్సిందే.

డ్రమ్ము అడుగు చివరి రెండు అంగుళాలు ఇంజిన్‌కి పోయొద్దు. నీళ్ళు డీజిల్ కంటే బరువు కనుక అడుక్కి చేరతాయి. రాయితీ డీజిల్ బిల్లులు కూడా ఇదే పుస్తకంలో అంటించండి. రాష్ట్ర ప్రభుత్వం 2019లో లీటరు రాయితీని 9 రూపాయలకి పెంచినప్పటి నుంచి ఆ మొత్తం చిన్నది కాదు, అది ఖర్చులోంచి తగ్గిందో లేదో కలాసీలకి కూడా కనబడాలి.

నీళ్ళు, రేషన్ సంగతి?

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 5 లీటర్లు అనుకుంటే ఏడుగురికి పదిహేను రోజులకి 525 లీటర్లు. దానికి మూడు రోజుల అదనం కలిపితే 630. ఆ అదనపు నీళ్ళు వేరే డ్రమ్ములో, మూత మీద తాడు కట్టి ఉంచండి. సరంగు చెబితేనే విప్పాలి. ఇంజిన్ ఆగి తీరానికి దూరంగా కొట్టుకుపోయే బోటుకి ఆ డ్రమ్మే దిక్కు.

బియ్యం మనిషికి రోజుకి 600 గ్రాముల చొప్పున 63 కిలోలు. ఒకే బస్తాలో పెడితే తడిస్తే అంతా పోతుంది, మూత బిగిసే డబ్బాల్లోకి పంచి పోయండి. చింతపండు, ఉప్పు, కారం, పప్పు, ఉల్లిపాయలు తట్టు మీద గాలి తగిలే చోట, ఇంజిన్ వేడికి దూరంగా. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకే సంచిలో వద్దు, కలిస్తే రెండూ త్వరగా చెడతాయి.

గ్యాస్ సిలిండర్ వంటగది కింద పెట్టొచ్చా?

వద్దు. వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే బయటికి పోకుండా బోటు అడుగుకి దిగి అక్కడే నిలిచి ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే ఒక్క నిప్పురవ్వ చాలు. సిలిండర్ తట్టు మీద, ఆరుబయట, నిలువుగా, గొలుసుతో కట్టి ఉండాలి. వంట అయిన వెంటనే గ్యాస్‌ని సిలిండర్ దగ్గరే ఆపేయాలి.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకి పాకి, పక్కపక్కనే కట్టి ఉన్న పదుల బోట్లు తగలబడ్డాయి. బోట్లలోని డీజిల్, సిలిండర్లు ఆ మంటని పెంచాయి. రేవులో ఉన్నన్ని రోజులూ నిండు సిలిండర్, డ్రమ్ముల డీజిల్ బోటులో వదిలేయకుండా, బయల్దేరే ముందే ఎక్కించుకోవడం మీ బోటుకే కాదు, పక్క బోటుకి కూడా రక్షణ.

ఇంజిన్ స్పేర్లు ఏవి, ఎలా దాచాలి?

డీజిల్ ఫిల్టర్లు, ఆయిల్ ఫిల్టరు, బెల్టులు, నీళ్ళ పంపు ఇంపెల్లరు, గొట్టాలు, క్లిప్పులు, గ్లాండు ప్యాకింగు, ఫ్యూజులు, బల్బులు. ఇనుప వస్తువులకి గ్రీజు పూసి, ప్లాస్టిక్‌లో చుట్టి, పైన పేరు, ఏ ఇంజిన్‌కి సరిపోతుందో రాయండి. కొత్త భాగం బిగించాక పాతదాన్ని వెంటనే సముద్రంలో పారేయొద్దు. కొత్తది సరిగ్గా పనిచేస్తుందని తేలేదాకా పాతది కూడా స్పేరే. రేవుకి వచ్చాక మెకానిక్‌కి చూపించడానికీ పనికొస్తుంది.

రెంచీలు, స్పానర్లకి చెక్క పలక మీద వాటి ఆకారాలే గీసి, మేకులకి తగిలించండి. ఖాళీ ఆకారం కనబడితే ఏది పోయిందో అడగక్కర్లేకుండానే తెలుస్తుంది.

పనిముట్లు స్టీరింగ్ దగ్గర పెట్టుకుంటే చేతికి అందుతాయి కదా?

కంపాస్ ఉన్న చోట వద్దు. ఇనుము, స్పీకర్లు, మొబైల్ ఫోన్లు దగ్గరుంటే సూది పక్కకి లాగుతుంది. జీపీఎస్ పనిచేసినన్నాళ్ళూ ఆ తేడా ఎవరికీ తెలియదు. అది ఆగిన రాత్రి కంపాస్ ఒక్కటే దారి చూపాలి.

వలలు?

తడి వలని కుప్పగా తట్టు కిందికి తోయొద్దు. కడిగి, నీడలో ఆరబెట్టి, అప్పుడు చుట్టండి. నైలాను ఎండకి రోజుల తరబడి పడి ఉంటే దారం బలం పోతుంది. ప్రతి వలకీ నంబరున్న బిళ్ళ కట్టి, పుస్తకంలో కన్ను కొలత, కొన్న నెల, చివరిసారి ఎక్కడ చినిగిందో రాయండి. అల్లే సూదులు, దారం, తేలుడు బెండ్లు, సీసపు గుళ్ళు, షాకిళ్ళు ఒకే పెట్టెలో. తాబేళ్ళు తప్పించుకునే పరికరం ఉన్న వలని విడిగా గుర్తుపెట్టండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే నెలల్లో అది అడుగున పడి ఉండకూడదు.

భద్రతా సామాను ఎక్కడుండాలి?

తాళం లేని చోట. లైఫ్ జాకెట్లు కొత్తగా ఉండాలని మూటకట్టి తట్టు కింద దాచిన బోట్లు చాలా ఉన్నాయి. నీళ్ళు లోపలికి వచ్చినప్పుడు ముందు మునిగేది తట్టు కిందే. జాకెట్లు మనుషుల లెక్క కంటే ఒకటి ఎక్కువ, తట్టు మీద. లైఫ్ బోయాలు తాడుతో సహా రెండు పక్కలా. నిప్పు ఆర్పే సిలిండర్ ఇంజిన్ గది లోపల కాకుండా తలుపు బయట. మంట లోపలుంటే దాన్ని తేవడానికి లోపలికి ఎలా వెళ్తారు?

వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు 16వ ఛానెల్ మీద ఉండాలి. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం ఉంటే దాని బ్యాటరీ గడువు తేదీ పుస్తకం మొదటి పేజీలోనే రాయండి. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం పరికరం, మీ సంకేతం అందిందని తిరిగి జవాబు కూడా ఇస్తుంది. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 పెద్ద అంకెలతో గోడ మీద రంగుతో రాయించండి.

కాగితాలు?

రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, మనుషుల గుర్తింపు కార్డులు, అందరి పేర్లూ ఇంటి ఫోన్లూ రాసిన జాబితా: నీళ్ళు చొరని డబ్బాలో బోటులో ఒక సెట్టు, నకళ్ళు ఒడ్డున ఒక సెట్టు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికెళ్ళి, 2018లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన మన మత్స్యకారుల సంగతి తెలిసినవాళ్ళకి ఒడ్డున ఉన్న నకలు విలువ వివరించక్కర్లేదు.

ఇదంతా ఫోన్లో రాసుకుంటే పోలేదా?

రాసుకోండి, కానీ పుస్తకం మానొద్దు. తడి చేతులు, ఉప్పు, ఛార్జింగు, పైగా ఫోన్ ఒక్కరి జేబులోది. రోజూ రాత్రి పేజీ ఫొటో తీసి ఉంచండి; సిగ్నల్ అందిన చోట ఒడ్డుకి వెళ్ళిపోతుంది.

వేట నిషేధం రోజుల్లో ఏం చేయాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు. ఏడాదికోసారి బోటు పూర్తిగా ఖాళీ చేసే అవకాశం ఇదే. అన్నీ ఒడ్డుకి దించి, పుస్తకంతో పోల్చి, వాడనివి తీసేయండి. రెండేళ్ళుగా ఎవరూ ముట్టుకోని సామాను బరువు, చోటు, ఎలుకలకి ఇల్లు. బ్యాటరీలు విప్పి గాలి తగిలే చోట పెట్టండి. తుపాను తాళ్ళు, పాత టైర్లు మాత్రం చేతికందేలా ఉంచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రేవులో కట్టిన బోట్లే ఒకదానికొకటి కొట్టుకుని పగిలాయి.

మాది చిన్న ఫైబర్ బోటు, పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాం.

పుస్తకం అక్కర్లేదు. బోటు లోపలి పక్కన రంగుతో పది పేర్లు రాయండి: నీళ్ళు, జాకెట్లు, డీజిల్, తెడ్లు, లంగరు, తాడు, టార్చి, ఫోన్, కత్తి, నీళ్ళు తోడే డబ్బా. నెట్టే ముందు ఒకరు చదవాలి, ఒకరు చేత్తో ముట్టుకుని చూడాలి.

వాటాల రోజు మిగులు సామాను ఎలా లెక్కెయ్యాలి?

దించేటప్పుడే, చేప వేలానికి వెళ్ళకముందే, సరంగు, ఒక కలాసీ, యజమాని తరఫు మనిషి కలిసి డీజిల్, నూనె, బియ్యం, గ్యాస్ కొలవాలి. కొన్న ధరకే విలువ కట్టి ఆ వేట ఖర్చులోంచి తగ్గించి, తర్వాతి పేజీ పై వరుసలో రాయాలి. తెగిన వల, విరిగిన పంకా లాంటివి ఎవరి ఖాతాలో పడాలన్నది బయల్దేరక ముందే మాట్లాడుకుని మొదటి పేజీలో రాసి, ముగ్గురూ సంతకమో వేలిముద్రో పెట్టాలి. కొత్త కలాసీ బోటెక్కితే ఆ పేజీ అతనికి చదివి వినిపించండి.